ఆ కవరులో ఏముందో చెప్పండి

ఫిల్ము కవరు చంకలో పెట్టుకుని ఆవిడ ఎక్కని గుమ్మం లేదు. మందుల షాపు కుర్రాణ్ణి అడిగింది. రిపోర్టు అటూ ఇటూ తిప్పి "నడుం విరిగిందని రాశారు" అన్నాడు. ఆ సంగతి ఆవిడకి చెట్టు కిందే తెలుసు. ఊళ్లో ఆర్‌ఎంపీని అడిగింది. "పెద్ద డాక్టర్లు చూశారు కదమ్మా, వాళ్లనే అడగాలి" అన్నాడు. పెద్ద డాక్టర్ల దగ్గర నోరు తెరిస్తే "పక్కకి జరగమ్మా" అన్నారట. చివరికి ఇంగ్లీషు చదవడం వచ్చిన మనిషినని, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన నా దగ్గరకి వచ్చింది. "ఇందులో ఏం రాశారండీ మాస్టారూ? మా ఆయన మళ్లీ లేత్తాడాండీ?"

భర్త మా కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడు. తడిసిన మాను మీద కాలు జారింది. స్కాన్‌కి డబ్బు కట్టించుకున్నారు. ఫిల్ములిచ్చారు, రిపోర్టిచ్చారు, డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇంతమంది చదువుకున్నవాళ్ల చేతుల మీదుగా ఆ మనిషి ఇంటికొచ్చి మంచమెక్కాడు. ఆవిడ అడిగిన ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పే తీరిక మాత్రం ఒక్కరికీ లేకపోయింది. "బెడ్‌రెస్ట్, మూడు నెలలు" అన్నారట. ఆ మూడు నెలల తరవాత ఏమిటి? పక్కకి తిప్పొచ్చా, కూర్చోబెట్టొచ్చా? కాళ్లలో తిమ్మిరి ఎందుకుంది? ఏదీ చెప్పలేదు.

నాకు వైద్యం రాదు. తెలిసిన ఎముకల డాక్టరు ఒకాయనకి ఫోన్లో ఆ రిపోర్టు చదివి వినిపిస్తే, ఒక్కో మాటా విప్పి చెప్పారు. పది నిమిషాల పని. ఎవరికీ తీరిక దొరకని ఆ పది నిమిషాల్ని ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి కవరు పట్టుకుని తిరిగే మనుషులు మన డెల్టాలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

మన వెన్నులో 33 పూసలు. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5, ఆ కింద అతుక్కుపోయి ఉండేవి మిగతావి. రిపోర్టులో సీ అంటే మెడ, డీ అన్నా టీ అన్నా ఛాతీ వెనక భాగం, ఎల్ అంటే నడుము. చెట్టు మీంచి పడ్డవాళ్ల రిపోర్టుల్లో డీ12, ఎల్1 అన్న పేర్లే ఎక్కువగా కనబడతాయి. పక్కటెముకలు బిగించి పట్టుకోవడం వల్ల ఛాతీ వెనక పూసలు పెద్దగా కదలవు. నడుము పూసలు బాగా వంగుతాయి. ఎత్తు నుంచి పిర్రల మీదో మడమల మీదో పడితే, ఆ రెండూ కలిసే చోటే దెబ్బని ఎక్కువగా భరిస్తుంది.

కంప్రెషన్ అనో వెడ్జ్ అనో రాస్తే, కాలవ గట్టు ఒక పక్కకి జారినట్టు పూస ముందు భాగం నలిగింది, వెనక గోడ నిలిచింది అని. బరస్ట్ అని రాస్తే పూస పగిలి వెనక గోడ కూడా విరిగిందని. ఆ విరిగిన ముక్క నాడుల దారిలోకి జరిగితే రిట్రోపల్షన్ అంటారు. ఆ దారి ఎంత ఇరుకైందో కెనాల్ నేరోయింగ్ అన్న మాట దగ్గర ఉంటుంది. కార్డ్ ఎడిమా, కంట్యూజన్ అంటే వెన్నుపాము వాచింది, కమిలింది. వెనక లిగమెంట్లు తెగాయో లేదో రాస్తారు. అవి తెగితే పూసలు నిలకడగా ఉండవు, ఆపరేషన్ మాట అక్కడే వస్తుంది. మారో ఎడిమా అని రాస్తే భయపడేది లేదు. పడి దెబ్బ తగిలిన కేసుల్లో అది ఈమధ్య తగిలిన దెబ్బ అని చెప్పే గుర్తు. ఎముక అతుక్కుంటున్నా ఆ గుర్తు నెలల తరబడి ఎమ్మారైలో కనబడుతూనే ఉండొచ్చు. ఇది తెలియకే రెండోసారి స్కాన్ తీయించుకున్న మనుషులు "ఇంకా తగ్గలేదంట" అని కుమిలిపోతారు.

ఎల్1 దగ్గర దెబ్బ ఎందుకంత కీడు చేస్తుందంటే, పెద్దవాళ్లలో వెన్నుపాము ఎల్1, ఎల్2 దగ్గరే ముగుస్తుంది. కాళ్లకీ, మూత్రానికీ, మలానికీ వెళ్లే నరాలన్నీ అక్కడ గుత్తిగా ఉంటాయి.

ఇంత రాసిన రిపోర్టులో "లేత్తాడా" అన్నదానికి జవాబు లేదు. అది ఫిల్ములో దొరకదు, మనిషి కాళ్లలో దొరుకుతుంది. బొటనవేలు పైకెత్తగలడా? మలద్వారం చుట్టూ ముట్టుకుంటే తెలుస్తుందా? డాక్టర్లు ఇవన్నీ పరీక్షించి దెబ్బకి ఏ నుంచి ఈ దాకా మెట్లు కడతారు. ఏ అంటే మలద్వారం దగ్గర కూడా స్పర్శ లేదు, కదలిక లేదు. ఈ అంటే అంతా మామూలుగా ఉంది. మధ్యలో ఉన్నవాళ్లకి ఏదో ఒక దారి మిగిలి ఉంది, అక్కడ ఆశ ఎక్కువ. ఫిల్ములో దారి సగం మూసుకుపోయినా నడిచేవాళ్లున్నారు. కొంచెమే ఇరుకైనా కాళ్లు పడిపోయినవాళ్లున్నారు. దారిలోకి జరిగిన ఎముక ముక్కని శరీరం నెలల మీద తనే కొంత అరగదీసుకుంటుందని కూడా ఆ డాక్టరుగారు చెప్పారు. ఆ మాట విన్నాక ఆ ఇల్లాలు మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఇంత చిన్న మాట చెప్పకుండా ఆవిణ్ణి ఎలా పంపించారు? రాత్రంతా ఆవిడ ఏమనుకుని ఉంటుందో ఒక్కరికైనా ఆలోచన రాలేదా?

రోగికి అర్థమయ్యే భాషలో జబ్బు గురించి చెప్పడం దయాధర్మం ఏమీ కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో మొదటి హక్కే అది. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. వైద్యానికి ముందు రోగికి చెప్పవలసింది చెప్పి, అర్థమయ్యాకే ఒప్పుకోలు తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇవన్నీ కాగితాల మీద ఉన్నాయి. వార్డులో, తెలుగులో, మంచం పక్కన నిలబడి చెప్పే గొంతు లేదు. డాక్టర్లకి ఊపిరాడని పని ఉంటుంది, ఒప్పుకుంటాను. ఓపీలో ఒక్కొక్కరి ముందూ కట్టిన వరస నేనూ చూశాను. అలాంటప్పుడు చెప్పడానికే ఒక మనిషిని ఎందుకు పెట్టరు? ఒక నర్సుకి, ఒక ఫిజియోథెరపిస్టుకి ఆ పని ఎందుకు అప్పగించరు? గోడల మీద ఫొటోలకి చోటుంది. విరిగిన నడుముతో ఇంటికెళ్లే మనిషి ఏం చెయ్యాలో తెలుగులో రాసిన ఒక్క కాగితానికి చోటు దొరకదా?

తప్పు ఆసుపత్రిలోనే మొదలైందని కూడా అనను. చెట్టు కిందే మొదలవుతుంది. మనిషి పడగానే చుట్టూ ఉన్నవాళ్లు పరిగెత్తుకొస్తారు. ఆ మంచితనాన్ని నేను తప్పుపట్టను. అయితే చంకల కింద చేతులు పెట్టి లేపుతారు. నీళ్లు తాగించడానికి కూర్చోబెడతారు. మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య ఇరికించి కాలవ గట్టు గుంతల్లో తీసుకెళతారు. లంక ఊళ్లలోనైతే నులక మంచం మీద వేసి రేవు దాకా మోసి పడవలోకి ఎక్కిస్తారు. నులక కుంగి నడుము వంగుతుంది. పడ్డప్పుడు తెగని వెన్నుపాము ఈ మోతలో నలిగిపోవచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి తల, నడుము, కాళ్లు ఒకే వరసలో ఉంచి, మెడ కదలకుండా పట్టుకుని, చెక్క బల్ల మీదకో తలుపు రెక్క మీదకో దొర్లించి, 108 వచ్చేదాకా కదపకుండా ఉంచాలి. 2005లో 108 మొదలైంది. ఇన్నేళ్లలో ఈ నాలుగు మాటలు దింపు కార్మికులకి, గీత కార్మికులకి, తోటల రైతులకి నేర్పడానికి ఒక్క పూట కేటాయించిన అధికారిని మా ఊళ్లో నేను చూడలేదు. బడుల్లో అగ్నిమాపక ప్రదర్శనలు పెడతాం. కొబ్బరి చెట్లతో నిండిన సీమలో, చెట్టు మీంచి పడ్డ మనిషిని ఎలా ఎత్తాలో పిల్లలకి చెప్పం.

నాటు కట్ల దగ్గరకి వెళ్లేవాళ్లని తిట్టేవాళ్లంటే నాకు కోపం. పసరు పట్టీ వేసి, నూనె రాసి, విరిగిన నడుము తోమడం ప్రమాదమే, ముమ్మాటికీ చేయించకూడదు. కానీ అక్కడ కట్టు కట్టే మనిషి మంచం మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, "తగ్గుద్ది, ఇన్నాళ్లు పడద్ది" అని చెబుతాడు. తెల్లకోటు చెప్పని మాట అతను చెబుతుంటే జనం అక్కడికే పోతారు.

అసలు నరకం ఇంటికొచ్చాక మొదలవుతుంది. నరాలకి దెబ్బ లేని, నిలకడగా ఉన్న విరుపైతే ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నొప్పి దానికంటే చాలా కాలం ఉంటుంది. నలిగిన పూస మళ్లీ మునుపటి ఎత్తుకి రాదు, ఎక్స్‌రేలో జీవితాంతం అలాగే కనబడుతుంది. దానర్థం వైద్యం పనిచెయ్యలేదని కాదు. అలాంటివాళ్లని డాక్టరు ఒప్పుకుంటే బెల్టు పెట్టి తొందరగానే లేపి నడిపించాలి. మంచానికే అంటిపెట్టుకుంటే కండ కరిగిపోతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. నిలకడ లేని విరుపైతే కదిలితేనే ముప్పు. ఇద్దరికీ ఒకే చీటీ, ఒకే "బెడ్‌రెస్ట్". ఏ మనిషి ఏ రకమో చూసిన డాక్టరుకి మాత్రమే తెలుసు, ఆయన చెప్పడు. ఒకడు లేవకూడనప్పుడు లేస్తాడు, ఇంకొకడు లేవవలసినప్పుడు భయంతో పడుకునే ఉంటాడు.

ఇక నరాలు దెబ్బతిన్నవాళ్లకి కాలం ఇంకోలా నడుస్తుంది. వచ్చే బలంలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లో, ఏడాదిలో వస్తుంది. ఆ తరవాత కూడా కొంత వస్తుంది, చాలా నిదానంగా. ఈ నెల వేలు కదిలితే, మడమ కదలడానికి ఇంకెన్ని నెలలో. చూడ్డానికి వచ్చిన చుట్టాలు మంచం చివర నిలబడి "ఇంకా లేవలేదేంట్రా? మా పక్కింటోడు రెండు నెలలకే తోటకెళ్లాడు" అంటారు. పక్కింటివాడి పూస వేరు, దెబ్బ వేరు. "మనసు గట్టిగా పెట్టుకో" అంటారు. మనసు గట్టిగా లేకపోతే ఆ గోదావరి ఎండాకాలం ఉక్కలో, కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో, ఛాతీ నుంచి తుంటి దాకా బెల్టు బిగించుకుని పడుకోగలడా? పొద్దున్నే చెట్టెక్కి ఊరంతా చూసిన మనిషి, ఇప్పుడు ఒంటికి వెళ్లడానికి కూడా భార్యని పిలవాలి. ఆ సిగ్గుతో నీళ్లు తాగడం మానేస్తాడు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, జ్వరం వస్తుంది, అప్పుడు మళ్లీ కోప్పడతారు.

మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. లేకపోతే పిరుదుల మీద, మడమల మీద పుండ్లు పడతాయి, ఎముక దాకా దిగుతాయి. స్పర్శ లేని చోట పుండు పడితే అతనికి తెలియదు, రోజూ ఎవరో ఒకరు చూడాలి. మూత్రం రానివాళ్లకి గొట్టం ఎప్పటికీ వేసి ఉంచడం ఒక్కటే దారి కాదు. శుభ్రమైన చేతులతో వేళకి గొట్టం పెట్టి తీసేసే పద్ధతి 1970ల నుంచీ ఉంది, ఇంట్లోనే నేర్చుకోవచ్చు. ఇందులో గొప్ప యంత్రాలేమీ లేవు. 1944లో ఇంగ్లండులో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు, వెన్ను విరిగిన సైనికుల్ని చావుకి వదిలెయ్యడం అప్పటి రివాజుగా ఉన్నప్పుడు, వాళ్లని రాత్రింబవళ్లు వేళకి పక్కకి తిప్పించాడు, మూత్రం సంగతి చూశాడు, బంతి చేతికిచ్చి ఆడించాడు. మనుషులు బతికారు, పనులకి వెళ్లారు. ఎనభై ఏళ్ల నాటి ఆ తెలివి మా డెల్టాలో ఇంటింటికీ ఇంకా చేరలేదంటే ఎవరిని అడగాలి?

అంత దూరం కూడా పోనక్కర్లేదు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుపడిపోయి, చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది, ఆ విభాగాన్ని ఆవిడే నడిపించారు. వెన్ను విరిగిన మనిషికి మళ్లీ కూర్చోవడం, కుర్చీలోంచి మంచమ్మీదకి మారడం, సంపాదించుకోవడం నేర్పే చోటు అది. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఉంది. కోనసీమ నుంచి వెల్లూరుకి, తిరుపతికి ఒక కూలి మనిషిని మంచంతో సహా ఎవరు తీసుకెళతారు? కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచి ఉంది. రాజమహేంద్రవరంలో, ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వచ్చినందుకు సంతోషం. వీటి చుట్టూ ఉన్న ఊళ్లలో, ఆపరేషన్ అయ్యాక మనిషిని నిలబెట్టే పని ఎవరిది? ఆపరేషన్‌కి పథకం ఉంది. రాడ్లకి, స్క్రూలకి బిల్లు మంజూరవుతుంది. ఆ తరవాత ఏడాది పాటు కాలు కదపడం నేర్పే మనిషి ఊరికి రావాలంటే ఆ ఖర్చు ఇల్లాలి పుస్తెల మీదే పడుతుంది.

పెద్ద వయసు ఆడవాళ్ల సంగతి మరీ దారుణం. వాళ్లు చెట్టు మీంచి పడరు. నీళ్ల బిందె ఎత్తితే చాలు, బాత్‌రూములో చిన్నగా కూలబడితే చాలు, గుల్లబారిన పూస నలిగిపోతుంది. "వయసు మీద పడితే నడుం నొప్పి ఉండదా" అని ఒక మాత్ర ఇచ్చి పంపేస్తారు. ఒక పూస నలిగితే రెండోది నలిగే ముప్పు పెరుగుతుందని, ఎముక బలానికి మందులున్నాయని ఎవరూ చెప్పరు. నలిగి నలిగి వెన్ను వంగిపోయాక గూని అని పేరు పెడతాం. మన అమ్మలు అలా వంగిపోతుంటే చూస్తూ ఊరుకున్నాం, మనమే.

ఇక పింఛను. 2024 జూలై నుంచి దివ్యాంగులకి నెలకి 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000 ఇస్తున్నారు. ఆ మొత్తం ఆసరాయే, కాదనను. దానికి సర్టిఫికెట్ కావాలి, అందులో 40 శాతం ఉండాలి. విరిగి ఆరు నెలలైన మనిషిని చూసి "ఇంకా మార్పు రావచ్చు, తరవాత రండి" అంటారు. ఆ తరవాత దాకా ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? 2025లో సర్టిఫికెట్ల తనిఖీ మొదలుపెట్టి ఆగస్టులో నోటీసులు పంపారు. దొంగ సర్టిఫికెట్లు ఏరెయ్యాలి, ఎవరు కాదన్నారు? కానీ మూత్రపు సంచీ తగిలించుకున్న మనిషిని ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చి, గంటల తరబడి ఎండలో వరసలో ఉంచి, "నడవలేనని రుజువు చెయ్యి" అనడం ఏం పరిపాలన?

1996 నవంబరు 6 తుపానుకి కోనసీమ కొబ్బరి కూలిపోతే చెట్లు లెక్కపెట్టారు. లెక్కపెట్టాలి కూడా, అవి రైతు ప్రాణం. చెట్టు మీంచి పడి ఈ ఏడాది ఎంతమంది మంచాన పడ్డారని అడిగితే చెప్పే రిజిస్టరు ఏ ఆఫీసులోనూ నాకు చూపించలేదు. రెండు నెలలకోసారి దింపు తీయాల్సిందే, అంబాజీపేట మార్కెట్‌కి కాయ వెళ్లాల్సిందే, వాన పడ్డా మాను తడిసినా ఎక్కాల్సిందే. పడితే మాత్రం "వాడి ఖర్మ". తోట యజమాని ఆటో ఖర్చిస్తాడు, మంచివాడైతే బియ్యం పంపుతాడు, రెండో నెల నుంచి ఇంకొకణ్ణి ఎక్కిస్తాడు.

కొబ్బరి అభివృద్ధి బోర్డు చెట్టెక్కేవాళ్ల కోసం కేర సురక్ష అని బీమా పెట్టింది. ప్రీమియంలో కొంత వాటా కార్మికుడు కడితే చాలు, మిగతాది బోర్డే భరిస్తుంది. చెట్టెక్కడానికి సాధనాలున్నాయి, కేరళలో చెంపేరి జోసెఫ్ తయారుచేసినది ఎన్నో ఏళ్లుగా అమ్ముతున్నారు. నేను అడిగిన దింపు కార్మికుల్లో ఆ బీమా పేరు విన్నవాళ్లే లేరు. ఆ వాటా ఎంతో తెలిస్తే ఒక రోజు కూలిలో కట్టేసుకునేవాళ్లమని ఒకతను అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. నాకుంది.

రైతు సేవా కేంద్రాల్లో ఎరువుల ధరల బోర్డు పెడతారు. అదే గోడ మీద ఈ బీమాకి ఎక్కడ దరఖాస్తు చెయ్యాలో రాయండి. తోట యజమానులారా, ఆ కార్మికుడి వాటా మీరు కట్టండి. బీమా కాగితం చూడకుండా, నడుముకి తాడు లేకుండా, వానలో, మనిషిని మాను ఎక్కించకండి. డాక్టరుగారూ, డిశ్చార్జి కాగితం వెనక తెలుగులో నాలుగు వాక్యాలు రాయించండి: ఏ పూస విరిగింది, నరాలకి దెబ్బ ఉందా లేదా, ఎప్పుడు లేవొచ్చు, ఏం జరిగితే వెంటనే రావాలి. కూర్చునే చోట తిమ్మిరి పెరిగినా, మూత్రం ఆగిపోయినా, కాళ్ల బలం తగ్గుతున్నా తెల్లవారేదాకా ఆగొద్దని ఆ నాలుగో వాక్యంలో రాయించండి. చదవడం రానివాళ్లయితే చదివి వినిపించండి. ఆ ఇల్లాలు మళ్లీ మీ దగ్గరకే వస్తుంది. పక్కకి జరగమనకండి, కుర్చీ వెయ్యండి.